ఐదేళ్ళు సొంతంగా వాటర్ ప్లాంట్ నడిపినాను, ఇప్పుడు మళ్ళీ ఉద్యోగానికి పోవాలంటే సీవీలో ఏమని రాసేది?

కొర్లగుంట_క్యాన్
డిప్లొమా మెకానికల్ చేసినాను, వయసు 34. 2011 నుంచి 2019 జూలై దాకా శ్రీసిటీలో ఒక కంపెనీలో క్వాలిటీ డిపార్ట్‌మెంట్. ఆ తర్వాత ఉద్యోగం వదిలేసి తిరుపతిలో మా మామగారి స్థలంలో షెడ్డు వేసి ఆర్వో వాటర్ ప్లాంట్ పెట్టినాను, గంటకు వెయ్యి లీటర్లది. ఇరవై లీటర్ల క్యాన్లు లాడ్జీలకు, హాస్టళ్ళకు, రెండు కల్యాణ మండపాలకు వేసేవాణ్ణి. 2020 మార్చి 20న కొండమీద దర్శనం ఆపేసినారు కదా, ఆ వారంలోనే లాడ్జీలన్నీ ఖాళీ. రోజుకు 260 క్యాన్లు పోయేది ముప్పైకి వచ్చింది. ఎట్లో నెట్టుకొచ్చినా. 22, 23లో బాగా లేచింది. తర్వాత మా వీధిలోనే ఇంకో రెండు ప్లాంట్లు వచ్చినాయి, రేటు తగ్గించుకుంటా పోవాల్సి వచ్చింది, ఆటో డ్రైవరు మానేసినాడు. 2024 డిసెంబర్‌లో ఆపేసినా. అప్పు లేకుండా బయటపడినా, అదొక్కటే సంతోషం.

ఇప్పుడు సీవీ మూడు రకాలుగా రాసి పెట్టుకున్నా. ఒకదాంట్లో '2019-2024 సొంత వ్యాపారం' అని ఒక్క లైను, అంతే. రెండోది ఫ్రెండు రాసిచ్చినాడు, 'ఫౌండర్ అండ్ సీఈఓ' అని. చదివితే నాకే నవ్వొచ్చింది, మూడో అంతస్తు దాకా క్యాన్లు భుజాన మోసిన సీఈఓని నేను. ఇక మూడోది, ఒక కన్సల్టెన్సీ అతను పన్నెండు వేలిస్తే ఐదేళ్ళకూ ఎక్స్‌పీరియన్స్ లెటరు, పే స్లిప్పులు అన్నీ ఇస్తానంటున్నాడు. ఇంట్లో ఓటు దానికే. 31 చోట్ల మొదటి రకం సీవీ పెట్టినా, ఒక్క ఫోను రాలేదు. ఏం చేయమంటారు?

వడమాలపేట_బుజ్జి
సీఈఓ గారూ, మా ఇంటికి అర్జెంటుగా రెండు క్యాన్లు.

పలమనేరు_పాలు
నేనైతే వ్యాపారం అనే మాటే ఎత్తను. సొంతంగా నడిపినోడు ఒకడి కింద ఇమడడు అని మేనేజర్లకు లోపల భయం ఉంటుంది, పైకి చెప్పరు. నేను మూడేళ్ళు పాల సెంటరు నడిపి బెంగళూరుకు ఉద్యోగానికి పోతే మొదటి రెండు ఇంటర్వ్యూల్లో ఒకటే ప్రశ్న, 'మళ్ళీ ఎప్పుడు వెళ్ళిపోతారు?' అని. మూడోచోట నాన్నకు ఒంట్లో బాగాలేక ఊర్లో ఉండిపోయినా అని చెప్పినా. వచ్చింది.

మగ్గం_మగువ
ఐదున్నరేళ్ళు నాన్నకు ఒంట్లో బాగాలేదంటే ఎవరు నమ్ముతారు అన్నా. పైగా నిక్షేపంగా తిరిగే మనిషిని మాటల్లో మంచాన పడేయడం మనసుకైనా ఒప్పాలి కదా.

పలమనేరు_పాలు
మా నాన్నే ఇచ్చినాడమ్మా ఆ ఐడియా.

రేణిగుంట_లోకల్
ఆ మూడోది మాత్రం వద్దు బ్రదర్. మా ప్లాంటులో ఇద్దరు అట్లాగే దొరికినారు, ఒకడైతే చేరిన నాలుగో నెల్లో. చేరేటప్పుడు యూఏఎన్ నంబరు, అంటే ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు, అడుగుతారు. దాంట్లో సర్వీస్ హిస్టరీ చూస్తే 2019 జూలైలో నీ ఉద్యోగం ముగిసినట్టు తేదీతో సహా ఉంటుంది, ఆ తర్వాత ఖాళీ. నీ కాగితాలేమో ఐదేళ్ళు జీతం తీసుకున్నట్టు చెప్తాయి. వెరిఫికేషన్ వాళ్ళకు ఐదు నిమిషాల పని.

బైరాగిపట్టెడ_బామ్మర్ది
ఇరవైమంది కంటే తక్కువ ఉన్న సంస్థకు పీఎఫ్ తప్పనిసరి కాదు కదా. ఆ కన్సల్టెన్సీ వాళ్ళు కూడా అదే చెప్తారు, చిన్న కంపెనీ అని చూపిస్తామని. నేను సమర్థించడం లేదు, వాళ్ళ దగ్గర జవాబు రెడీగా ఉంటుందని అంటున్నా.

రేణిగుంట_లోకల్
ఉంటుంది. అప్పుడు జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు అడుగుతారు. అది కూడా పన్నెండు వేల ప్యాకేజీలో ఉందా?

బైరాగిపట్టెడ_బామ్మర్ది
దానికి పద్దెనిమిది వేలు అంట 😀

హెచ్ఆర్_అక్క
పదకొండేళ్ళుగా ఫ్యాక్టరీ నియామకాల్లోనే ఉన్నా, ఏ ఫ్యాక్టరీ అని అడగొద్దు. దొంగ కాగితాల సంగతి లోకల్ చెప్పేశాడు, మళ్ళీ చెప్పను. నీ మొదటి సీవీకి ఫోన్లు ఎందుకు రాలేదో చెప్తా. ఒక పోస్టుకు మా టేబుల్ మీదికి రెండు మూడు వందలు వస్తాయి. 'సొంత వ్యాపారం' అనే ఒక్క లైను చూసినవాళ్ళకు అది ఖాళీగానే కనిపిస్తుంది. ఏ వ్యాపారమో, ఎంతదో, నువ్వు అందులో ఏం చేశావో ఒక్క ముక్క లేదు. పని దొరక్క ఇంట్లో కూర్చున్నవాళ్ళు కూడా అదే మాట రాస్తారు, మాకు తేడా ఎట్లా తెలుస్తుంది?

పాలు గారి మాటలో కొంత నిజముంది, ఇమడడేమో అనే అనుమానం ఉంటుంది. కానీ దాచిపెడితే ఆ అనుమానం పోదు, ఇంకోటి తోడవుతుంది. నువ్వు పోతున్నది మళ్ళీ క్వాలిటీకే కదా? అయితే ఒకటి అడుగుతా. ప్లాంటులో నీళ్ళు ఎట్లా పరీక్షించేవాడివి? ఎక్కడైనా రాసి పెట్టుకున్నావా?

కొర్లగుంట_క్యాన్
రాసినాను అక్కా, అలవాటు పోలేదు. లాంగ్ నోట్‌బుక్కులు ఏడు ఉన్నాయి, మొదటిదాని అట్ట నీళ్ళకు ఉబ్బి అప్పడం మాదిరి ఉంది. రోజుకు రెండుసార్లు బోరు నీళ్ళ టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాల లెక్క), మెంబ్రేన్ (నీళ్ళు వడకట్టే పొర) దాటినాక టీడీఎస్, ప్రెజర్ గేజు రీడింగు. మా బోరులో ఎండాకాలం 900 దాకా పోయేది, బయటికి వచ్చేది 60, 80 మధ్య. 120 దాటితే ఎర్ర పెన్నుతో చుట్టేసి ఆరోజే మెంబ్రేన్ కడిగేది.

ఇంకోటి. మొదట్లో నెలకు నలభై క్యాన్లు మాయమయ్యేవి. లాడ్జి వాళ్ళు మేం ఇచ్చేసినాం అంటారు, మా డ్రైవరు నేను తీసుకోలేదంటాడు. విసుగొచ్చి ఒక ఆదివారం కూర్చుని క్యాన్ల అడుగున నీలిరంగు పెయింటుతో 1 నుంచి 640 దాకా నంబర్లు వేసినా. ఏ నంబరు ఏ రోజు ఎక్కడికి పోయింది, ఎప్పుడు తిరిగొచ్చింది, అంతా బుక్కులో. తర్వాత నెలకు ఆరో ఏడో పోయేవి. కానీ ఇవన్నీ సీవీలో రాసే సంగతులా? క్యాన్ల లెక్కే కదా.

హెచ్ఆర్_అక్క
నాయనా, ఏ సరుకు ఎప్పుడు ఎక్కడికి పోయిందో వెనక్కి పట్టుకోగలగడం, దాన్ని ఫ్యాక్టరీలో ట్రేసబిలిటీ అంటారు. ఎనిమిదేళ్ళు క్వాలిటీలో పనిచేసి ఆ మాట నీకు తట్టలేదా! రోజుకు రెండుసార్లు రీడింగు, ఒక హద్దు, హద్దు దాటితే ఏం చేయాలో ముందే నిర్ణయించుకోవడం, నష్టం నలభై నుంచి ఏడుకు తగ్గించడం. నా దగ్గరికొచ్చే క్వాలిటీ సీవీల్లో సగంమంది ఇంత కూడా సొంతంగా చేసి ఉండరు, మేనేజరు చేసింది తమ పేరు మీద రాసుకుంటారు.

వడమాలపేట_బుజ్జి
నీలిరంగు పెయింటుకు ఐఎస్ఓ సర్టిఫికెట్ ఇచ్చేయండక్కా.

టెక్కీ_తిరుచానూరు
సీఈఓ విషయంలో నా పాపం చెప్పుకుంటా. నాలుగేళ్ళు ఇంట్లో కూర్చుని వెబ్‌సైట్లు చేసినా, లాడ్జీలకు, ట్రావెల్స్ వాళ్ళకు. తిరిగి ఉద్యోగానికి పోయేటప్పుడు 'ఫౌండర్ అండ్ సీఈఓ' అనే రాసినా. ఇంటర్వ్యూలో ఆయన అద్దాలు పైకి తోసుకుని 'మీ కంపెనీలో ఎంతమంది సార్?' అన్నాడు. ఒక్కణ్ణే అన్నా. 'అయితే ప్యూన్ కూడా మీరేనా?' ఆ తర్వాత ఏం చెప్పినా ఆయన మొహంలో నవ్వు ఆగలేదు. ఇప్పుడు 'స్వతంత్ర వెబ్ డెవలపర్' అని ఉంది, దాని కింద చేసిన పనుల్లో పెద్దవి నాలుగు. ఒక్కో క్లయింటును ఒక్కో ఉద్యోగంలాగా విడివిడిగా రాయొద్దు, నాలుగేళ్ళలో పదిచోట్ల మారినోడిలాగా కనిపిస్తావు.

పలమనేరు_పాలు
ప్రొప్రైటర్ అనొచ్చా మరి?

టెక్కీ_తిరుచానూరు
అనొచ్చు, అది నిజం కాబట్టి. కానీ ఒట్టి ప్రొప్రైటర్ అంటే గల్లాపెట్టె దగ్గర కూర్చున్నట్టు ఉంటుంది. పక్కనే చేసిన పని కూడా చేర్చాలి. 'ప్రొప్రైటర్, ప్లాంటు నిర్వహణ, నీటి నాణ్యత' అట్లా.

ఆడిటరాఫీసు_చిత్తూరు
అందరూ మాటల గురించే మాట్లాడుతున్నారు, కాగితాల గురించి ఎవరూ అడగలేదు. తమ్ముడూ, ఉద్యం రిజిస్ట్రేషన్, అదే చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు, ఉందా? రిటర్నులు వేశావా? జీఎస్టీ? ఏదైనా సంస్థకు నీళ్ళు వేసినప్పుడు టీడీఎస్ పట్టుకున్నారా?

కొర్లగుంట_క్యాన్
టీడీఎస్ అంటే నీళ్ళలోదా అన్నా, ట్యాక్స్‌దా?

ఆడిటరాఫీసు_చిత్తూరు
😂 ట్యాక్స్‌ది.

కొర్లగుంట_క్యాన్
అది లేదు. ఉద్యం 2021లో బ్యాంకు లోను కోసం తీసినా, నెట్ సెంటరులో ఎనిమిది వందలు తీసుకున్నాడు. మూడేళ్ళు రిటర్నులు వేసినా. జీఎస్టీ తీసుకోలేదు, ఏడాదికి 18 లక్షలు దాటలేదు.

ఆడిటరాఫీసు_చిత్తూరు
ఉద్యం పూర్తిగా ఉచితం, ఆధార్, పాన్ ఉంటే మనమే చేసుకోవచ్చు. ఆ ఎనిమిది వందలు స్వామి హుండీలో వేసుకున్నా పుణ్యం వచ్చేది. సరే, జీఎస్టీ లేకపోవడం తప్పేం కాదు, సరుకు అమ్మేవాళ్ళకు మన రాష్ట్రంలో 40 లక్షల దాకా అక్కర్లేదు, సర్వీసు అయితే 20 లక్షలు. వెరిఫికేషన్ వాళ్ళు అడిగితే ఉద్యం సర్టిఫికెట్టు, రిటర్నుల కాపీలు, కరెంటు అకౌంటు స్టేట్‌మెంటు, కమర్షియల్ కరెంటు బిల్లు ఇవ్వు. చాలావరకు సరిపోతాయి. వ్యాపారం అయిపోయినాక ఇప్పుడు హడావుడిగా ఉద్యం తీద్దాం అనుకునేవాళ్ళకు ఒక మాట. మొదలుపెట్టిన తేదీ పాతది వేసుకోవచ్చు కానీ రిజిస్ట్రేషన్ తేదీ ఇప్పటిదే పడుతుంది, రెండూ ఆ కాగితం మీదే ఉంటాయి.

అసలు ప్రమాదం వేరేచోట ఉంది. నీ రిటర్ను చిన్న వ్యాపారులు అంచనా లాభం చూపే 44ఏడీ సెక్షన్ కింద వేసి ఉంటారు, అమ్మకాల మీద 8 శాతం లాభం, డిజిటల్‌గా వచ్చినదాని మీద 6 శాతం. 18 లక్షలకు 8 శాతం అంటే 1 లక్ష 44 వేలు, నెలకు పన్నెండు వేలు. ఇప్పుడు నువ్వు ఇంటర్వ్యూలో నెలకు నలభై ఐదు వేలు మిగిలేది అన్నావనుకో, ఆధారం చూపించమంటే నీ చేతిలో ఉండేది ఆ రిటర్నే. జాగ్రత్త.

కొర్లగుంట_క్యాన్
అమ్మో. నేను అప్లికేషన్లలో ప్రస్తుత జీతం అనే చోట 45 వేలే వేసినా. ఆ గడి ఖాళీగా వదిలితే ముందుకు పోనివ్వదు.

హెచ్ఆర్_అక్క
ఆ గడి అందరికీ తలనొప్పే. 2019లో చివరగా తీసుకున్న జీతం వేయి, కింద ఎక్కడైనా వివరం రాసే చోటుంటే '2019 నాటి జీతం, తర్వాత స్వయం ఉపాధి' అని రాయి. వ్యాపారంలో మిగిలింది జీతంతో పోల్చేది కాదు, అడిగినా ఆ మాటే చెప్పు. కావాల్సిన జీతం మాత్రం 2019ది పట్టుకుని అడగొద్దు, ఇప్పుడు ఆ పోస్టుకు బయట ఎంతుందో కనుక్కుని అడుగు.

బైరాగిపట్టెడ_బామ్మర్ది
అక్కా, కాగితాల మీద బాగుంటుంది ఇది. నిజం మాట్లాడదాం. 34 ఏళ్ళవాడు ఇప్పటి రేటు అడిగితే, అదే పోస్టుకు ఇరవయ్యారేళ్ళ పిల్లాణ్ణి సగానికి తీసుకుంటారు. మా బావమరిది పరిస్థితి అదే, ఫోటో స్టూడియో మూసేసి ఏడాదిగా తిరుగుతున్నాడు.

హెచ్ఆర్_అక్క
కాదనను. అట్లా తీసుకునే చోట్లు ఉన్నాయి. అందుకే 31 చోట్ల ఒకే సీవీ విసిరేదానికంటే, నీళ్ళతో సంబంధమున్న చోట్లు చూడమంటా. పెద్ద ఫ్యాక్టరీల్లో చాలావాటికి నీళ్ళ ట్రీట్‌మెంటు ప్లాంటు ఉంటుంది, వాడిన నీళ్ళు శుద్ధి చేసే ఎఫ్లుయెంట్ ప్లాంటు ఉంటుంది. ఫుడ్, కూల్‌డ్రింక్ యూనిట్లలో నీళ్ళే ముడిసరుకు. అక్కడ ఇరవయ్యారేళ్ళ పిల్లాడికి మెంబ్రేన్ ఎప్పుడు కడగాలో తెలియదు, ఇతనికి తెలుసు.

బైరాగిపట్టెడ_బామ్మర్ది
ఇది ఒప్పుకుంటా.

మామిడిగుజ్జు
మాది చిత్తూరు. నేను గుజ్జు ఫ్యాక్టరీలకు లేబర్ కాంట్రాక్టు ఐదు సీజన్లు చేసినా. తోతాపురి దిగినప్పుడు రెండు మూడు నెలలు నిద్ర ఉండదు, తర్వాత ఏడాదంతా నిద్రే. మానేసి స్టోర్స్ ఉద్యోగానికి పోతే 'ఎందుకు ఆపేశారు' అని అడిగినారు. నేను మొదలుపెట్టినా. కాయ రేటు, ఫ్యాక్టరీ వాళ్ళు డబ్బులు ఎగ్గొట్టడం, మేస్త్రీ మోసం, వాన, మా అన్న వాటా గొడవ. నలభై నిమిషాలు. చివర్లో ఆయనే నాకు మంచినీళ్ళు ఇచ్చినాడు. ఉద్యోగం మాత్రం ఇవ్వలేదు.

రెండోసారి ఒక్క ముక్కలో చెప్పినా, 'సీజన్ పని, ఇంటికి నెలనెలా డబ్బు కావాల్సి వచ్చింది, అందుకే ఆపినా' అని. ఆయన తలాడించి వేరే ప్రశ్నకు పోయినాడు. నువ్వు కూడా మార్చి 20 నుంచి కథ ఎత్తుకోవద్దు తమ్ముడూ, బాధ నిజమే కానీ అక్కడ కాదు.

వడమాలపేట_బుజ్జి
అన్నా, మేస్త్రీ మోసం ఏంటో మాకు చెప్పు, మాకు టైముంది.

మామిడిగుజ్జు
ముప్పైమంది వచ్చినారని కూలి తీసుకుని పద్దెనిమిది మందిని దింపేవాడు. మిగతా పన్నెండు పేర్లలో ఒకటి మా తాతది. ఆయన పోయి అప్పటికి తొమ్మిదేళ్ళు.

మగ్గం_మగువ
నా సంగతి కూడా చూడండి, నాకు ఒక్క కాగితం లేదు. పెళ్ళికి ముందు చెన్నైలో అకౌంట్స్‌లో చేశాను. తిరుపతి వచ్చాక ఆరేళ్ళుగా ఇంట్లోనే మగ్గం వర్కు, పెళ్ళి జాకెట్లు. ముహూర్తాల నెలల్లో ఇద్దరమ్మాయిలను కూలికి పెట్టుకునేదాన్ని. ఇప్పుడు మళ్ళీ అకౌంట్స్‌కి పోదామంటే అత్తగారు 'గృహిణి అని రాయి, గౌరవంగా ఉంటుంది' అంటున్నారు. డబ్బంతా నగదు లేకపోతే ఫోన్‌పే. దీన్ని స్వయం ఉపాధి అంటే ఎవరైనా ఒప్పుకుంటారా?

ఆడిటరాఫీసు_చిత్తూరు
ఎందుకు ఒప్పుకోరమ్మా. ఫోన్‌పేలో వచ్చిన ప్రతి రూపాయీ బ్యాంకు స్టేట్‌మెంటులో ఉంది, ఎవరు పంపారో పేరుతో సహా. ఆర్డరు బుక్కు ఉందా?

మగ్గం_మగువ
ఉంది. కొలతలు, అడ్వాన్సు, బాకీ, ఇచ్చిన తేదీ. పూసలు, జరీ, దారం కొన్న లెక్క వెనకవైపు నుంచి రాశాను. ఒక్కో జాకెట్టుకు సామాను ఎంతైంది, కూలి ఎంతైంది, మిగిలిందెంత, వేరువేరుగా.

హెచ్ఆర్_అక్క
అకౌంట్స్ ఉద్యోగానికి పోతూ ఒక్కో ఆర్డరుకు ఖర్చు విడదీసి రాసిన పుస్తకం ఇంట్లో పెట్టుకుని నాకు కాగితం లేదంటావా! గృహిణి అనడంలో తప్పు లేదు, కానీ చేసిన పని పోతుంది కదా. 'స్వయం ఉపాధి, మగ్గం వర్కు, ఆర్డర్ల లెక్కలు, సామాను కొనుగోలు, కూలి చెల్లింపు' అని రాయి. జాకెట్ల డిజైన్ల గురించి ఎక్కువ రాయొద్దు, అది వాళ్ళకు అక్కర్లేదు. ఎంత మనసుపెట్టి కుట్టినా సరే.

మగ్గం_మగువ
చివరి మాట కొంచెం బాధగా ఉంది అక్కా, కానీ అర్థమైంది.

రేణిగుంట_లోకల్
క్యాన్ అన్నా, పీఎఫ్ డబ్బులు తీసేసినావా?

కొర్లగుంట_క్యాన్
ప్లాంటు పెట్టేటప్పుడు పీఎఫ్ తీసినా. పెన్షన్ భాగం మాత్రం ఫారం 10సీ నింపడానికి బద్ధకమై అట్లాగే వదిలేసినా.

రేణిగుంట_లోకల్
ఆ బద్ధకానికి దండం పెట్టు. పెన్షన్ రావాలంటే పదేళ్ళ సర్వీసు కావాలి. నీకు ఎనిమిది ఉన్నాయి, తీసేసి ఉంటే మళ్ళీ ఒకటి నుంచి లెక్క. కొత్తచోట చేరేటప్పుడు పాత యూఏఎన్ నంబరే ఇవ్వు, కొత్తది తీసుకోవద్దు. రెండేళ్ళు చేస్తే పది అవుతుంది.

కొర్లగుంట_క్యాన్
ఇది నాకు తెలియనే తెలియదు. మా ఇంటావిడకు చూపించినా, 'నీ బద్ధకం ఒక్కసారైనా పనికొచ్చింది' అంటోంది.

సరే, రాత్రి కూర్చుని మళ్ళీ రాసినా. చూడండి.

'2019 ఆగస్టు - 2024 డిసెంబర్. ప్రొప్రైటర్, ప్యాకేజ్డ్ డ్రింకింగ్ వాటర్ ప్లాంటు, తిరుపతి. గంటకు 1000 లీటర్ల ఆర్వో ప్లాంటు ఏర్పాటు, నిర్వహణ. రోజుకు రెండుసార్లు నీటి పరీక్ష, రికార్డు. 640 క్యాన్లకు నంబరు పద్ధతి పెట్టి నెలవారీ నష్టం 40 నుంచి 7కు తగ్గింపు. ముగ్గురు సిబ్బంది. ఏడాదికి సుమారు 18 లక్షల అమ్మకాలు.'

ఆడిటరాఫీసు_చిత్తూరు
బాగుంది, 18 లక్షలు నీ రిటర్నుతో సరిపోతుంది.

టెక్కీ_తిరుచానూరు
దీన్ని రెండు వరుసల టేబుల్‌లో పెట్టి డిజైన్ చేయొద్దు అన్నా, కొన్ని పోర్టళ్ళలో అప్‌లోడ్ చేస్తే ముక్కలు ముక్కలైపోతుంది. మామూలు వర్డ్ ఫైలు చాలు.

రేణిగుంట_లోకల్
ఆగండి. నీ క్యాన్లకు ఐఎస్ఐ మార్కు ఉందా?

కొర్లగుంట_క్యాన్
లేదు, సీలు వేసేది కాదు. మామూలు మూత క్యాన్లు, వాళ్ళ క్యాన్ ఖాళీ చేసి మనది పెట్టి రావడమే.

రేణిగుంట_లోకల్
అయితే 'ప్యాకేజ్డ్ డ్రింకింగ్ వాటర్' అనే మాట తీసేయ్. నువ్వు నడిపిన రోజుల్లో సీలు వేసి ఆ పేరుతో అమ్మాలంటే ఐఎస్ 14543 ప్రకారం ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. నువ్వు పోయేది క్వాలిటీ ఇంటర్వ్యూకి. అవతల కూర్చున్నోడు మొదట అడిగేది లైసెన్సు నంబరే. తడబడినావంటే నిజంగా చేసినవి కూడా అబద్ధాల్లాగా వినిపిస్తాయి.

పలమనేరు_పాలు
ఇంత చిన్నదానికి ఎవరు పట్టుకుంటారప్పా.

హెచ్ఆర్_అక్క
క్వాలిటీ వాళ్ళు పట్టుకుంటారు, వాళ్ళ ఉద్యోగమే అది. లోకల్ చెప్పింది కరెక్టు. 'ఆర్వో నీటి శుద్ధి, సరఫరా యూనిట్' అని మార్చు. తాగేనీటి ప్రమాణం ఐఎస్ 10500 కూడా ఒకసారి చదువుకుని పో. టీడీఎస్ 500 దాకా మంచిది, వేరే నీళ్ళు లేకపోతే 2000 దాకా ఒప్పుకుంటారు. నీ బోరు 900 అన్నావు, ఆ లెక్కన ప్లాంటు ఎందుకు అవసరమైందో కూడా నీకు చెప్పడం వస్తుంది.

కొర్లగుంట_క్యాన్
ఆ 500 సంగతి తెలుసక్కా, షెడ్డు గోడ మీద చాక్‌పీసుతో రాసి పెట్టుకున్నా. మాట మార్చినా. ముగ్గురు సిబ్బంది అనేది ఉంచొచ్చా? ఇద్దరే పక్కా, మూడోవాడు పెళ్ళిళ్ళ రోజుల్లో మాత్రం వచ్చేవాడు.

టెక్కీ_తిరుచానూరు
ఇద్దరని రాయి.

బైరాగిపట్టెడ_బామ్మర్ది
ఒక డౌటు. ప్లాంటు అమ్మేసినావా, మూసి ఉంచినావా? కొన్ని కంపెనీల్లో బయట వ్యాపారం లేదని సంతకం పెట్టించుకుంటారు.

కొర్లగుంట_క్యాన్
మెషిన్లు సగం రేటుకు పోయినాయి. షెడ్డు మామగారిదే. ఆయన ఇప్పుడు అక్కడ బర్రెను కట్టేస్తున్నాడు.

హెచ్ఆర్_అక్క
బర్రె నీ పేరు మీద లేదు కదా, సంతకం పెట్టేయ్. ఉద్యం కూడా రద్దు చేసుకో, రేపు ఎవరైనా నంబరు కొట్టి చూసినా ఇంకా నడుపుతున్నాడని అనుకోరు.

కొర్లగుంట_క్యాన్
ఎనిమిది రోజుల తర్వాత అప్‌డేట్. కొత్త సీవీ తొమ్మిది చోట్ల పెట్టినా, అన్నీ నీళ్ళ ప్లాంటు ఉన్న యూనిట్లే. మూడు ఫోన్లు వచ్చినాయి. నిన్న గాజులమండ్యం వైపు ఒకచోటికి ఇంటర్వ్యూకి పోయినా. ఎందుకు ఆపేసినారు అంటే, గుజ్జు అన్న చెప్పినట్టు ఒక్క ముక్కలో, 'పోటీ పెరిగి మిగులు తగ్గింది, అప్పు కాకముందే ఆపినా' అని నోరు మూసుకున్నా. చాలా కష్టమైంది.

వాళ్ళ ప్లాంటు హెడ్ పెద్దాయన, నంబరు పద్ధతి లైను దగ్గర ఆగి వివరం అడిగినాడు. సంచీలోంచి ఆ ఉబ్బిపోయిన నోట్‌బుక్కు తీసి ముందు పెట్టినా. పది నిమిషాలు తిప్పినాడు. ఎర్ర చుట్లు చూసి 'ఈ మే నెలలో ఇన్నిసార్లు ఎందుకొచ్చింది?' అన్నాడు. బోరు దిగిపోయిందని చెప్పినా. 'మాకు కూడా అదే గొడవ' అన్నాడు. జీతం మాట రాలేదు. రెండో రౌండు గురువారం రమ్మన్నారు.

పలమనేరు_పాలు
నాన్నను మంచాన పడేయకుండానే పని అయ్యేట్టుంది.

మగ్గం_మగువ
అన్నా, నాకూ శనివారం ఒకటి ఉంది. ఆర్డరు బుక్కు తీసుకుపోతున్నా. అత్తగారు దానికి అట్ట వేసి ఇచ్చారు!

బైరాగిపట్టెడ_బామ్మర్ది
మా బావమరిదికి ఈ చర్చ మొత్తం పంపినా. స్టూడియోలో వాడు ఏం లెక్క రాసినాడని అడిగితే, ఎవరెవరు బాకీ ఉన్నారో ఆ లిస్టు ఒక్కటే ఉందంట. మీరే చెప్పండి.

ఆడిటరాఫీసు_చిత్తూరు
అది పట్టుకుని కలెక్షన్ ఉద్యోగానికి పొమ్మను.

వడమాలపేట_బుజ్జి
క్యాన్ అన్నా, ఇంతకీ ఆ 640 క్యాన్లు ఏం చేసినావు? మా చిన్నాన్న కూతురి పెళ్ళి ఉంది, ఒక యాభై కావాలి.

కొర్లగుంట_క్యాన్
ప్లాంటుతోనే ఇచ్చేసినా బుజ్జీ. 212 నంబరు క్యాన్ మాత్రం బస్టాండు దగ్గర ఒక లాడ్జి రిసెప్షన్‌లో ఇప్పటికీ ఉంది, పోయినవారం కూడా చూసినా. అడిగితే మాది కాదంటారు. అడుగున నీలిరంగులో నా చేతిరాతే.